అమ్మ పలకని పేరు

ముందే చెప్పేస్తున్నాను, నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాదు. మా చర్చిలో దెయ్యాలు వదలగొట్టే ప్రార్థనలు జరిగినప్పుడు కూడా వెనక బెంచీలో కూర్చుని, ఈవిడకి హిమోగ్లోబిన్ ఎంతుందో ఒకసారి చూపిస్తే బాగుండు అనుకునేదాన్ని. అది నా వృత్తి బుద్ధి. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక డయాగ్నస్టిక్ సెంటర్లో ల్యాబ్ టెక్నీషియన్‌గా చేస్తున్నాను. కళ్ళతో చూసి, రెండోసారి సరిచూసుకుంటే గాని ఏదీ నమ్మను.

మా పనిలో స్టిక్కరే దేవుడు. రక్తం తీసిన ట్యూబు మీద పేరు, వయసు ఉన్న స్టిక్కర్ అంటించాకే అది ముందుకు కదులుతుంది. స్టిక్కర్ లేని ట్యూబుని ఎంత కష్టపడి తీసినా పారబోస్తాం. ఎవరిదో తెలియని రక్తంతో ఎవరికీ పని లేదు. ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, నేను రాయబోయేది ఒక స్టిక్కర్ గురించే.

మా అమ్మ పేరు ఎస్తేరమ్మ. ఉయ్యూరు దాటాక మా ఊరు. అమ్మ చెరుకు నరకడానికి వెళ్ళేది, ఆదివారాలు సండే స్కూల్లో పిల్లలకి కథలు చెప్పేది. బడికి వెళ్ళకపోయినా చర్చిలో అక్షరాలు నేర్చుకుని తెలుగు గడగడా చదివేది. నాన్న పోయాక అమ్మని విజయవాడ తెచ్చేసుకున్నాను. నేనూ, మా ఆయన జాన్ బాబూ, అమ్మా, ముగ్గురం పటమట వైపు ఒక మేడ మీద వాటాలో అద్దెకి ఉండేవాళ్ళం. మా ఆయనకి ఆటోనగర్లో స్పేర్ పార్టుల షాపులో ఉద్యోగం. పగలు ఇద్దరం వెళ్ళిపోతాం కాబట్టి వన్ టౌన్ నుంచి రహీమా అక్క వచ్చి అమ్మని చూసుకునేది.

అమ్మ మరుపు టీలో ఉప్పు వేయడంతో మొదలైంది. మొదట్లో నవ్వుకున్నాం. తర్వాత ఒకరోజు బాత్రూం ఎక్కడో తెలియక బాల్కనీలో నిలబడి ఏడ్చింది. ఆ రోజు నుంచి నవ్వలేదు. డాక్టరు గారు ఇది తగ్గే జబ్బు కాదన్నారు. చదవడం ఇంకా వచ్చు కాబట్టి వస్తువుల మీద, తలుపుల మీద పెద్ద అక్షరాలతో పేర్లు అంటించమన్నారు. నా చేతిరాత డాక్టర్లకి తప్ప ఎవరికీ అర్థం కాదు. అందుకని సబ్బుపెట్టె అంత ఉండే చిన్న లేబుల్ ప్రింటర్ ఒకటి తెప్పించాను. దానికి వైరుండదు, ఇంకుండదు. ఫోన్లో టైపు చేసి బ్లూటూత్‌తో పంపిస్తే వేడికి కాగితం మీద అక్షరాలు పడతాయి.

రోజంతా ల్యాబులో స్టిక్కర్లు తీసే నేను ఇంట్లో ఈ బుల్లి మిషన్ని ఫోన్‌కి కలపలేక నానా తంటాలు పడ్డాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నాది తిరగబడింది. ఆన్ చేయగానే దాని మీద నీలం లైటు ఆరుతూ వెలుగుతూ ఉంటుంది. అంటే ఫోన్ కోసం వెతుకుతోందని. ఫోన్ దొరికితే లైటు ఆరకుండా నిలబడిపోతుంది. ఒకసారికి ఒక ఫోన్‌కే కలుస్తుంది. రెండో ఫోన్ వెళ్ళి అడిగితే వేరే ఫోన్‌తో కలిసి ఉందని చెబుతుంది.

సరదా పడి మా ఆయన కూడా తన ఫోన్లో ఆ యాప్ వేసుకున్నాడు. ఇక చూడండి. నేను వంటింట్లో స్టిక్కర్ తీద్దామంటే అది ముందుగదిలో ఉన్న ఆయన ఫోన్‌ని పట్టుకుని కూర్చునేది. ఏవండీ, బ్లూటూత్ ఆపండి అని అరవడం మా ఇంట్లో మామూలైపోయింది. ఈ గొడవలన్నీ పడ్డాను కాబట్టే ఆ నీలం లైటు ఎప్పుడు ఎందుకు నిలబడుతుందో నాకు బాగా తెలుసు. రహీమా అక్కది బటన్ల ఫోను. ఆ ప్రింటర్‌కి తెలిసిన ఫోన్లు మా ఇద్దరివే.

ఇల్లంతా స్టిక్కర్లు అంటించాను. ఉప్పు. పంచదార. బాత్రూం. ఇది అద్దం, లోపల ఉన్నది నువ్వే. అమ్మ కళ్ళజోడు పెట్టుకుని ఒక్కొక్కటీ వాక్యం చదివినట్టు పైకి చదువుతూ తిరిగేది. టీలో ఉప్పు పడటం ఆగింది. నాకు చాలా ధైర్యం వచ్చింది.

ఆ తర్వాత అమ్మ నన్ను మర్చిపోయింది.

ఒకరోజు డ్యూటీ నుంచి రాగానే నన్ను చూసి లేచి నిలబడి, కూర్చోండమ్మా అంది. ఎవరో ప్రార్థన చేయడానికి వచ్చినావిడ అనుకుంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే ఒక స్టిక్కర్ తీసి గుండెల మీద అంటించుకున్నాను. పై వరసలో గ్రేస్ శాంతకుమారి. కింద వరసలో మీ కూతురు. ఇంట్లో ఉన్నంతసేపూ దాంతోనే తిరిగాను. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒక కొత్త స్టిక్కర్.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని పై వరస చదివేది. కింది వరస కూడా చదివేది. చదివి, నా మొహంలోకి చూసి, మర్యాదగా నవ్వేది. గ్రేస్ గారూ, మీరు చాలా మంచివారండి, మా అమ్మాయి వస్తే చెబుతాను అనేది. సొంత కూతురికి కన్నతల్లి గారూ అండీ తగిలిస్తే ఎలా ఉంటుందో అనుభవించినవాళ్ళకే తెలుస్తుంది. వంటింట్లోకి వెళ్ళి కుక్కర్ విజిల్ వచ్చేటప్పుడు ఏడ్చేదాన్ని.

ఇక్కడ నా పేరు సంగతి చెప్పాలి. మా చర్చిలో చాలామందికి రెండు పేర్లుంటాయి. గ్రేస్ శాంతకుమారి బాప్తిస్మంలో పెట్టిన పేరు. బళ్ళో, ఉద్యోగంలో, పెళ్ళి కార్డులో అదే. ఇంట్లో పిలిచే పేరు వేరు. నాకు ముందు అమ్మకి పుట్టినవాళ్ళు ఎవరూ దక్కలేదు. నేను పుట్టగానే మా నాయనమ్మ నన్ను తీసుకెళ్ళి పెంటకుప్ప మీద దొర్లించి తీసుకొచ్చి పెంటమ్మ అని పేరు పెట్టింది. ఇలాంటి రోత పేరు పెడితే చావు అసహ్యించుకుని వదిలేస్తుందని మావాళ్ళ నమ్మకం. అప్పటి పాస్టరు గారు ఇదేంటమ్మా అని కోప్పడితే, మనం యేసయ్యని నమ్ముకున్నాం గాని చావు నమ్ముకోలేదుగా అయ్యగారూ అందట మా నాయనమ్మ.

హైస్కూలుకి ఉయ్యూరు వెళ్ళాక ఆ పేరు తోటిపిల్లలకి తెలిసిపోయింది. మిగతాది చెప్పక్కర్లేదు. ఒకరోజు ఇంటికొచ్చి పుస్తకాలు విసిరేసి, ఇంకెప్పుడూ ఆ పేరు నోటితో పలకనని ఒట్టు పెట్టమని అమ్మని పట్టుబట్టాను. ఒట్లు పెట్టుకోకూడదని అమ్మ నియమం. మాటిస్తున్నాను చాలు అంది. తర్వాత తనే ఇంటింటికీ వెళ్ళి, మా పిల్లని ఇకమీదట అలా పిలవకండమ్మా అని అందర్నీ బతిమాలిందట. ఆ రోజు నుంచి నేను అమ్మకి "అమ్మాయి"ని అయిపోయాను. మళ్ళీ ఆ పేరు మా ఇంట్లో వినపడలేదు. నాకూ గుర్తు రావడం మానేసింది. మా ఆయనకి అసలు తెలియదు. ఏ కాగితం మీదా లేదు, ఏ ఫోన్లోనూ నేను టైపు చేయలేదు.

రోజూ స్టిక్కర్ అంటించుకుంటున్నప్పుడు కూడా అది నా తలకి తట్టలేదు. ల్యాబు బుద్ధి కదా, రికార్డులో ఉన్న పేరే పేరు.

రహీమా అక్క అప్పుడప్పుడు అమ్మని కదిలించేది, మీ అమ్మాయి పేరేంటమ్మమ్మా అని. అమ్మ పెదాలు గట్టిగా మూసుకుని తల అడ్డంగా ఊపేదట. సాయంత్రం నేను రాగానే అక్క నాకు చెప్పేది, ఇవాళ కూడా చెప్పలేదమ్మా అని. అమ్మకి కూతురి పేరు కూడా పోయింది, పోయిందని తెలియనివ్వకుండా దాచుకుంటోంది అనుకున్నాను. ఈ జబ్బులో అలా దాచుకోవడం మామూలేనని డాక్టరు గారు కూడా అన్నారు.

అప్పట్లో నాకు ఒకటే కోరిక. బాగుపడాలని అడగలేదు, అది జరగదని నా చదువుకే తెలుసు. ఒక్కసారి, పోయేలోపు ఒక్కసారి, నన్ను గుర్తుపట్టాలి. నేనే తన అమ్మాయినని తెలిసి చూడాలి. మోకాళ్ళ మీద అదే అడిగేదాన్ని.

అది జరగలేదు. వర్షాలు మొదలయ్యాక అమ్మకి న్యుమోనియా వచ్చింది. ఆస్పత్రిలో కొన్నాళ్ళు ఉంచి ఇంటికి పంపేశారు. ఒక మధ్యాహ్నం గంజి తాగిస్తుంటే నా చేయి పట్టుకుంది. స్టిక్కర్ వైపు చూసింది. చాలా నెమ్మదిగా చెప్పింది.

"గ్రేస్ గారూ, మా అమ్మాయి డ్యూటీ నుంచి వస్తే ముందు అన్నం పెట్టండమ్మా. అది ఆకలికి ఆగలేదు."

సరేనండి, పెడతాను అన్నాను. అవే అమ్మ ఆఖరి మాటలు. సాయంత్రానికి పోయింది.

మా ఊరి సమాధుల తోటలో నాన్న పక్కనే పెట్టాం. అందరూ వచ్చారు, పాటలు పాడారు, నేను కూడా పాడాను. తిరిగి వచ్చాక ఇంట్లో ఉప్పు డబ్బా మీద ఉప్పు అని ఉంటే చూడలేకపోయాను. స్టిక్కర్లన్నీ పీకేశాను. ప్రింటర్ని దాని డబ్బాలో పెట్టి, బీరువా పైన పడేశాను. ఇక దాంతో పని లేదనుకున్నాను.

కానీ పని పడింది. పోయినవారి కోసం అందరూ కలిసి ప్రార్థన చేసే జ్ఞాపకార్థ కూడిక దగ్గర పడింది. కూడికకి వచ్చినవాళ్ళకి మావైపు స్టీలు డబ్బాలు పంచుతారు. డబ్బా మీద పోయినవారి పేరు, ఇచ్చినవారి పేరు ఉండాలి. పేర్లు చెక్కే షాపు వాడు టైముకి కుదరదన్నాడు. అప్పుడు ప్రింటర్ గుర్తొచ్చింది. ఎస్తేరమ్మ గారి జ్ఞాపకార్థం, కుమార్తె గ్రేస్ శాంతకుమారి అని స్టిక్కర్లు తీసి అంటిద్దామనుకున్నాను.

అది ఆదివారం, చర్చి నుంచి వచ్చాక, పట్టపగలు. మా ఆయన షామియానా మాట్లాడటానికి ఊరు వెళ్ళాడు. రహీమా అక్క సాయానికి వచ్చి నేల మీద కూర్చుని డబ్బాలు తుడుస్తోంది. కింది వాటావాళ్ళు తిరుపతి వెళ్ళి ఇల్లు తాళం వేసి ఉంది. ఇవన్నీ ఎందుకు చెబుతున్నానో మీకు తర్వాత అర్థమవుతుంది.

ప్రింటర్‌కి ఛార్జింగ్ పెట్టి కాసేపాగి ఆన్ చేశాను. నీలం లైటు వెలిగింది. ఆరుతూ వెలుగుతూ ఉండాలి కదా. ఆరలేదు. వెలిగింది వెలిగినట్టే నిలబడిపోయింది.

నా ఫోన్లో అప్పటికింకా బ్లూటూత్ వేయలేదు. వేసి, యాప్ తెరిచి, కలపమంటే వేరే ఫోన్‌తో కలిసి ఉందని చూపించింది. అలవాటు కొద్దీ మా ఆయనకి ఫోన్ చేసి బ్లూటూత్ ఆపండి అన్నాను. ఆయనేమో, శాంతా, నేను ఉయ్యూరులో ఉన్నాను అన్నాడు. నిజమే. ఆ మిషన్‌కి పక్క గది దాటితే అందదు. అయినా ఆయన చూసి చెప్పాడు, ఆపే ఉందని.

ప్రింటర్ ఆపాను. మళ్ళీ వేశాను. మళ్ళీ లైటు నిలబడింది. నాకేమీ భయం వేయలేదు, చిరాకు వేసింది. పాడైపోయిందనుకుని డబ్బాలో పెట్టెయ్యబోయాను. అంతలో అది సన్నగా గరగరమంటూ కదిలి ఒక స్టిక్కర్ బయటికి తోసింది. తర్వాత లైటు మామూలుగా ఆరుతూ వెలగడం మొదలెట్టింది.

రహీమా అక్క దగ్గరగా ఉంది కాబట్టి తనే చింపి నా చేతికిచ్చింది. అక్కకి తెలుగు చదవడం రాదు. ఏం వచ్చిందమ్మా అని అడిగింది.

రోజూ నేను అంటించుకున్న స్టిక్కర్ ఎలా ఉండేదో అలాగే ఉంది. అవే పెద్ద అక్షరాలు, అవే రెండు వరసలు. పై వరసలో పెంటమ్మ. కింద వరసలో మా అమ్మాయి.

పైకి చదివానో లేదో నాకు తెలియదు. చదివే ఉంటాను, ఎందుకంటే రహీమా అక్క చేతిలో గుడ్డ ఆగిపోయింది. తర్వాత అంది.

"ఇదేనామ్మా ఆ పేరు? అమ్మమ్మ నాతో అనేది, మా అమ్మాయికి మాటిచ్చాను రహీమా, ఆ పేరు నోటితో పలకను, నువ్వు నన్ను అడగమాకు అని. మతి లేక అంటందిలే అనుకున్నా. నీకెందుకులే బాధ అని చెప్పలేదమ్మా."

నేను గోడకి ఆనుకుని అలాగే కింద కూర్చుండిపోయాను. రోజూ పెదాలు మూసుకుని తల ఊపింది పేరు మర్చిపోయి కాదు. టీలో ఉప్పు మర్చిపోయింది, బాత్రూం మర్చిపోయింది, అద్దంలో తన మొహం మర్చిపోయింది, ఎదురుగా ఉన్న నన్ను మర్చిపోయింది. స్కూలు పిల్లకి ఇచ్చిన ఆ ఒక్క మాట మాత్రం మర్చిపోలేదు. నేనేమో అమ్మ నన్ను ఎప్పుడూ పిలవని పేరు గుండెకి అంటించుకుని, ఆవిడ ముందు నిలబడి, గుర్తుపట్టమ్మా అని అడిగాను. చదవేస్తే ఉన్న మతి పోవడమంటే ఇదే కాబోలు. రహీమా అక్క నా పక్కన కూర్చుని నా తల తన భుజానికి ఆనించుకుంది. చాలాసేపు ఏడ్చాను. అమ్మ పోయిన రోజు కూడా అంత ఏడవలేదు.

సాయంత్రం మా ఆయన వచ్చేసరికి ఆ స్టిక్కర్ నా గుండెల మీద ఉంది. ఎప్పుడు అంటించుకున్నానో గుర్తు లేదు. ఆయన వంగి చదివాడు.

"పెంటమ్మ ఎవరు, శాంతా?"

"నేనేనండి" అన్నాను.

ఆయన మొహం చూస్తే తెలిసిపోయింది, ఆ పేరు ఆయన అదే మొదటిసారి వినడం. ఇద్దరం కూర్చుని ఆయన ఫోన్లో, నా ఫోన్లో అప్పటిదాకా తీసిన స్టిక్కర్లన్నీ వెనక్కి వెళ్ళి చూశాం. ఆ యాప్ పంపినవన్నీ దాచి పెడుతుంది. ఉప్పు ఉంది, పంచదార ఉంది, గ్రేస్ శాంతకుమారి రోజుకొకటి చొప్పున వరసగా ఉంది. పెంటమ్మ లేదు.

మా ల్యాబులో కంప్యూటర్లు చూసే అతన్ని అడిగాను. తెలివైన మనిషి. ఒక్కోసారి పాత స్టిక్కర్ ఏదైనా మిషన్ లోపల ఇరుక్కుపోయి ఉంటుంది, మళ్ళీ కరెంటు తగలగానే బయటికి వస్తుంది మేడమ్ అన్నాడు. లైటు నిలబడటానికి కూడా ఏదో కారణం చెప్పాడు. అన్నీ సబబుగానే ఉన్నాయి. కాకపోతే పాతదైనా కొత్తదైనా ఆ మాట ఎవరో ఒకరు ఎప్పుడో టైపు చేసి ఉండాలి కదా అని అడిగాను. అవును, చేసే ఉంటారు అన్నాడు. ఎవరు చేస్తారు? అమ్మకి ఫోన్ ఎత్తడమే రాదు. రహీమా అక్కకి తెలుగు అక్షరాలు రావు. మా ఆయనకి పేరే తెలియదు. నేను చేయలేదు. అంతకంటే అతన్ని అడగలేదు.

ఆ తర్వాత ప్రింటర్ నా ఫోన్‌కి బుద్ధిగా కలిసింది. కూడిక డబ్బాల స్టిక్కర్లన్నీ దాంతోనే తీశాను. ఎస్తేరమ్మ గారి జ్ఞాపకార్థం, కుమార్తె పెంటమ్మ. జీవితంలో మొదటిసారి ఆ పేరు నా చేతులతో టైపు చేశాను. సిగ్గు వేయలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళు డబ్బా అందుకుని, స్టిక్కర్ చదివించుకుని, నా వైపు చూసి కళ్ళు తుడుచుకున్నారు. వాళ్ళు కూడా అమ్మ బతిమాలిన రోజు నుంచి ఆ పేరు పలకనివాళ్ళే. కూడిక అయ్యాక అందర్నీ సాగనంపి, ఊళ్ళో మా పాత ఇంట్లోకి వచ్చి, కంచంలో అన్నం పెట్టుకుని తిన్నాను. అమ్మ పెట్టమంది కదా.

ఆ స్టిక్కర్ ఇప్పుడు నా ల్యాబు ఐడీ కార్డు వెనక ఉంది. ముందు వైపు గ్రేస్ శాంతకుమారి, వెనక వైపు అది. వేడితో పడిన అక్షరాలు ఎక్కువకాలం నిలవవు. ఇప్పటికే కొంచెం వెలిసిపోయింది. ఇంకొన్నాళ్ళకి తెల్లకాగితం అయిపోతుంది, నేనేమీ చేయలేను.

దాన్ని ఎవరు పంపారో ఇవాళ్టికీ చెప్పలేను. అమ్మే పంపిందని మీతో వాదించను కూడా. నా చదువు అందుకు ఒప్పుకోదు. నాకు తెలిసింది ఒక్కటే. మా అమ్మ మాట తప్పలేదు. పోయేదాకా ఆ పేరు నోటితో పలకలేదు.